బ్యాంకాక్‌లో ఇంగ్లీష్ టీచర్‌గా చేరాక ఇల్లు వెతుక్కున్న నా అనుభవం

ఇంగ్లీష్ చెప్పడానికి బ్యాంకాక్ వచ్చేవాళ్లకి అడగకముందే దొరికే సలహా ఒకటుంది: "స్కై ట్రైన్ స్టేషన్ పక్కన గది తీసుకో, మిగతావన్నీ అవే సర్దుకుంటాయి." నాకూ అందరూ అదే చెప్పారు. ఒకరు ఆన్ నుట్ అన్నారు, ఒకరు ఫ్రా ఖనోంగ్ అన్నారు, జీతం బాగుంటే ఆరీ చూసుకోమన్నారు. మంచి ఏరియాలే, కాదనను. కానీ నాకు ఉద్యోగం వచ్చిన స్కూలు ఊరికి తూర్పు వైపున, ప్రావెట్ డిస్ట్రిక్ట్‌లో, శ్రీనకరిన్ రోడ్డు నుంచి కాస్త లోపలికి ఉంది. ఆ స్కూలు గేటు దగ్గర్నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ ఇల్లు వెతికాను కాబట్టి, ఏరియా పేరు కన్నా మనం ఉండబోయే సోయి, అంటే పెద్ద రోడ్డు నుంచి లోపలికి వెళ్లే సందు, ఏది అన్నదే పెద్ద విషయమని తెలిసొచ్చింది.

ముందు ఉద్యోగం వేళల గురించి చెప్పాలి, ఎందుకంటే ఇల్లు ఎక్కడన్నది వాటిమీదే ఆధారపడుతుంది. థాయ్ స్కూళ్లలో ఉదయం 8 గంటలకి జెండా ఎగరేసి జాతీయ గీతం పాడతారు. టీచర్లు అంతకు ముందే ఉండాలి. మా స్కూల్లో 7:30 లోపు వేలిముద్ర పడాలి. వారంలో ఒకరోజు గేటు డ్యూటీ ఉంటుంది, ఆ రోజు ఇంకా ముందే వెళ్లి, లోపలికి వచ్చే ప్రతి పిల్లా చేతులు జోడిస్తుంటే తిరిగి పలకరిస్తూ నిలబడాలి. సాయంత్రం నాలుగున్నరకి వదులుతారు. అంటే నా ప్రయాణం రెండు వైపులా సరిగ్గా ఊరంతా రోడ్డు మీద ఉండే టైములోనే.

జీతం సంగతీ దాచాల్సింది కాదు. ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్న దేశాల పాస్‌పోర్టు లేనివాళ్లకి ఇక్కడ చాలా స్కూళ్లు తక్కువ ఇస్తాయి. అదే పుస్తకం, అదే క్లాసు, జీతం మాత్రం వేరు. ఇది అన్యాయమని నేను ఇప్పటికీ గట్టిగా అనుకుంటాను. అయితే గది వెతికేటప్పుడు చేతిలో ఉన్న డబ్బుతోనే లెక్క వేసుకోవాలి. అద్దె, కరెంటు, నీళ్లు, రాకపోకలు అన్నీ కలిపి జీతంలో మూడో వంతు దాటకూడదని గీత గీసుకున్నాను. చాలామంది అద్దె ఒక్కటే చూసి గది ఖాయం చేసుకుంటారు. రాకపోకల ఖర్చు నెలాఖరుకి గానీ కనపడదు.

మొదట ఆన్ నుట్ స్టేషన్ దగ్గర ఒక గెస్ట్ హౌస్‌లో దిగి, అక్కణ్ణుంచే వెతకడం మొదలుపెట్టాను. ఆన్ నుట్‌కి టీచర్లలో అంత పేరు ఎందుకొచ్చిందో కొంచెం ఆరా తీస్తే తెలిసింది. 1999లో స్కై ట్రైన్ మొదలైనప్పుడు ఆ లైనుకి ఆఖరి స్టేషన్ ఆన్ నుటే. 2011లో బేరింగ్ దాకా పొడిగించేవరకూ అదే చివర. రైలు ఉండి, అద్దె తక్కువ ఉన్న చోటు కాబట్టి కొత్తగా వచ్చిన టీచర్లందరూ అక్కడ చేరారు. ఆ తర్వాత చుట్టూ పెద్ద పెద్ద కాండోలు లేచాయి, అద్దెలు పెరిగాయి, సలహా మాత్రం అలాగే మిగిలిపోయింది.

మ్యాప్‌లో ఆన్ నుట్ స్టేషన్ నుంచి శ్రీనకరిన్ రోడ్డుకి ఐదారు కిలోమీటర్లే. ఉదయం పూట వెళ్లి చూస్తే గానీ అసలు సంగతి తెలియదు. ఆన్ నుట్ రోడ్డు మీద సాంగ్‌థావ్ (వెనక రెండు వరసల బెంచీలుండే షేరింగ్ బండి) ఎక్కితే ప్రతి సోయి మొగలోనూ ఆగుతుంది, ప్రతి సోయిలోంచీ బళ్లు వచ్చి కలుస్తుంటాయి. రైల్లోనే వెళ్దామంటే స్కై ట్రైన్‌లో దక్షిణాన సమ్‌రోంగ్ దాకా వెళ్లి, అక్కడ యెల్లో లైన్ ఎక్కి మళ్లీ ఉత్తరానికి రావాలి. 2023లో వచ్చిన ఈ యెల్లో లైన్ మోనోరైలు లాట్ ఫ్రావ్ నుంచి సమ్‌రోంగ్ దాకా, శ్రీనకరిన్ రోడ్డు పొడుగునా పైనే వెళ్తుంది. దూరాన్ని బట్టి టికెట్ 15 నుంచి 45 బాట్ల వరకూ ఉంటుంది. స్కై ట్రైన్ టికెట్ దానికి అదనం. రెండు రైళ్లు, రానూపోనూ, నెలంతా లెక్క వేస్తే ఆన్ నుట్‌లో ఉంటే నా అద్దె మీద ఇంకో పావు వంతు అద్దె కట్టినట్టే.

రామ్‌ఖామ్‌హెంగ్ వైపు కూడా వెళ్లి చూశాను. అక్కడ 1971లో పెట్టిన ఓపెన్ యూనివర్సిటీ ఉంది, దాని చుట్టూ విద్యార్థుల కోసం కట్టిన చవక గదులు బోలెడు. తిండి చవక, బట్టలు చవక. సాయంత్రాలు ఆ వీధుల్లో ఉండే హుషారు నాకు చాలా నచ్చింది. కాకపోతే రాత్రి పొద్దుపోయేదాకా ఆ హుషారు తగ్గదు, ఐదున్నరకి లేవాల్సిన మనిషికి అది కుదరదు. పైగా ఆరెంజ్ లైన్ అనే కొత్త మెట్రో పనులతో ఆ రోడ్డు మీద ట్రాఫిక్ కదిలేది కాదు. ఫహురాట్‌లో ఉంటే మనవాళ్లు ఉంటారు కదా అని కూడా కొందరన్నారు. ఊరికి ఆ చివర, పాతబస్తీ వైపు ఉంది అది. స్కూలుకి వెళ్లడానికే పొద్దు సరిపోదు.

ఇక సోయిల గురించి. ఇది తెలియకుండా బ్యాంకాక్‌లో ఇల్లు చూడటం దండగ. పెద్ద రోడ్డుకి అడ్డంగా లోపలికి వెళ్లే సందుని సోయి అంటారు. ఒకప్పుడు ఈ తూర్పు వైపంతా వరిపొలాలూ కాలవలూ. రోడ్డు పక్కన సన్నగా పొడుగ్గా ఉన్న పొలాలు ఒక్కొక్కటీ అమ్ముడుపోతూ వచ్చాయి, ఎవరి పొలంలో వాళ్లు లోపలిదాకా ఒక దారి వేసుకున్నారు. పక్క పొలంలోని దారితో దాన్ని కలపాలని ఎవరూ అనుకోలేదు. అందుకే చాలా సోయిలు కిలోమీటర్లకి కిలోమీటర్లు లోపలికి వెళ్లి ఎక్కడో ఒక గోడ దగ్గర ఆగిపోతాయి. పక్క సోయిలో ఉన్న ఇల్లు కిటికీలోంచి కనపడుతుంది, అక్కడికి వెళ్లాలంటే మాత్రం మళ్లీ పెద్ద రోడ్డు దాకా వచ్చి తిరిగి లోపలికి వెళ్లాలి. బళ్లన్నీ పెద్ద రోడ్డు మీదే పడటానికి ఇదే కారణం. సోయి మొగలో నారింజ రంగు జాకెట్లు వేసుకున్న మోటార్‌సైకిల్ టాక్సీ వాళ్లు వరసగా కూర్చుని ఉండటానికీ ఇదే కారణం.

కాబట్టి ఇంటి ప్రకటనలో "స్టేషన్‌కి 800 మీటర్లు" అని ఉంటే అది ఏ కొలతో అడగాలి. గాల్లో గీసిన గీత 800 మీటర్లు కావచ్చు, నడిచే దారి రెండు కిలోమీటర్లు కావచ్చు. ఉడోమ్ సుక్‌లో ఒక బ్రోకరు నాకు చూపించిన గది సరిగ్గా ఇలాంటిదే. గది బాగుంది, బాల్కనీ బాగుంది, సోయి చివరికంటా వెళ్లాలి. రోజూ రెండుసార్లు మోటార్‌సైకిల్ టాక్సీ ఎక్కాల్సిందే. టీచర్ బట్టల్లో, భుజాన కాపీల సంచితో, వానలో ఆ బండి వెనక కూర్చుని వెళ్లడం ఒకరోజు సంగతి కాదు, ఏడాది సంగతి. వద్దనుకున్నాను.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఇక్కడ స్కూళ్లు మే మధ్యలో తెరుస్తారు కాబట్టి టీచర్లందరూ ఇల్లు వెతికేది ఏప్రిల్‌లో. ఏప్రిల్ అంటే నేల ఎండిపోయి ఉండే నెల. ఏ సోయి చూసినా శుభ్రంగా, పొడిగా కనపడుతుంది. స్కూలు తెరవగానే వానలు మొదలై అక్టోబర్ దాకా పడతాయి. సముద్ర మట్టానికి సగటున ఒకటిన్నర మీటరు ఎత్తులో ఉన్న ఊరు ఇది. గంట సేపు గట్టి వాన పడితే కొన్ని సోయిల్లో చీలమండ దాకా, కొన్నిట్లో మోకాళ్ల దాకా నీళ్లు నిలుస్తాయి. ఎండాకాలంలో చూసే ఇంటికి వానాకాలం ఎలా ఉంటుందో అక్కడున్న వస్తువులే చెప్తాయని మా సీనియర్ టీచర్ ఒకావిడ నేర్పింది. ఆవిడ ఈ వైపే పుట్టి పెరిగింది. ఒక శనివారం నాతో వచ్చి సోయిలన్నీ తిప్పింది.

ఆవిడ ఇళ్ల వంక చూడలేదు, గోడల అడుగు భాగాలు చూసింది. ఒక కాంపౌండ్ గోడకి మోకాలి ఎత్తులో గోధుమ రంగు చార ఒకటి అడ్డంగా, తాడు పెట్టి గీసినట్టు ఉంది. దాని కింద పెయింటు పొక్కులు లేచి ఊడుతోంది. పైన గోడ తెల్లగానే ఉంది. "నీళ్లు నిలిచేది ఇంతవరకూ" అని కాలితో చూపించింది. ఆ పక్కనే ఒక పాత ఇల్లు రోడ్డు కన్నా రెండు మెట్లు కిందికి ఉంది. నీళ్లు నిలుస్తున్నాయని రోడ్డుని ఎత్తు చేసుకుంటూ పోతే ఇల్లు గుంటలోకి వెళ్లిపోయిందట. గేటు గుమ్మాలకి సిమెంటుతో కట్టిన అడ్డుకట్టలు, దుకాణాల మూలల్లో ఎండిపోయిన ఇసుక మూటలు, మోటార్‌సైకిళ్లన్నీ మెట్లపైన ఎత్తు మీదే పెట్టి ఉండటం, ఇవన్నీ అక్కడ ఆవిడ వేలు పెట్టి చూపించాకే నా కంట పడ్డాయి. చివరికి సోయి మొగలో మోటార్‌సైకిల్ టాక్సీ వాళ్లని అడిగింది, వాన పడితే లోపలికి బండి తెస్తారా అని. ఒకాయన నవ్వి తల అడ్డంగా ఊపాడు. ఆ సోయిని అక్కడితో వదిలేశాం. ఓనర్లు ఏమైనా చెప్పొచ్చు, రోజూ ఆ నీళ్లలో బండి నడిపేవాడికి అబద్ధం చెప్పాల్సిన పని లేదు.

నాకు నచ్చిన సోయి యెల్లో లైన్‌లోని శ్రీ ఉడోమ్ స్టేషన్ దగ్గర దొరికింది. దాన్ని ఉదయం ఆరున్నరకి ఒకసారి, స్కూలు వదిలే టైముకి ఒకసారి, రాత్రి తొమ్మిది దాటాక ఒకసారి నడిచి చూశాను. ఒక ఆడమనిషి ఒంటరిగా ఉండబోయే చోటుని పగలు మాత్రమే చూసి ఒప్పుకోకూడదని నా గట్టి నమ్మకం. రాత్రి నడకలో తెలిసేవి పగలు తెలియవు. వీధి దీపాలు ఎక్కడ ఆగిపోతాయో తెలుస్తుంది. కుక్కల సంగతి తెలుస్తుంది. బ్యాంకాక్ సోయిల్లో వీధి కుక్కలు పగలంతా రోడ్డు మధ్యలో పడుకుని పక్కకి కూడా జరగవు. రాత్రయ్యేసరికి అవే గుంపులు కట్టి కొత్తవాళ్లని తరుముతాయి. నా సోయిలోనూ కుక్కలున్నాయి, కానీ అవి సోయి లోపలి సగంలో ఉంటాయి. నేను చూసిన అపార్ట్‌మెంట్ మొదటి సగంలోనే, రాత్రంతా తెరిచి ఉండే సెవెన్ ఎలెవెన్‌కి ఎదురుగా ఉంది. వాచ్‌మన్ ఉన్నాడు, కింద నీళ్ల మెషీన్ ఉంది, బట్టలు ఉతికే మెషీన్లున్నాయి.

స్కూలుకి ఒక్క స్టేషన్ దూరం. అంత దగ్గరైతే స్కూలు వెనక గేటు ఎదురుగానే తీసుకోవచ్చు కదా అని చాలామంది అడిగారు. అక్కడా ఒక గది ఖాళీగా ఉంది, ఇంకా చవక కూడా. సీనియర్ టీచర్ వద్దంది. "అక్కడుంటే ఆదివారం కూడా నువ్వు టీచరువే" అంది. ఇక్కడ టీచర్‌కి ఇచ్చే గౌరవం చాలా గొప్పది, దాని బరువూ అంతే. బజార్లో కనపడితే పిల్లలు ఆగి చేతులు జోడిస్తారు, తల్లిదండ్రులు వచ్చి చదువు గురించి అడుగుతారు, నీ బుట్టలో ఏముందో, నీ బట్టలెలా ఉన్నాయో చూస్తారు. నాకు అది ఇష్టమే. అయినా వారంలో ఒకటిన్నర రోజు తల దువ్వుకోకుండా కిందికి దిగి కూరగాయలు తెచ్చుకునే వీలు ఉండాలి. ఒక్క స్టేషన్ దూరం ఆ వీలు ఇచ్చింది.

ఇంకో లెక్క కూడా వేశాను. మోనోరైలు ఆగిపోయిన రోజు స్కూలుకి ఎలా వెళ్లాలి? శ్రీ ఉడోమ్ నుంచి మా స్కూలుకి వెనక సందుల్లోంచి మోటార్‌సైకిల్ దారి ఒకటుంది, పెద్ద రోడ్డు ఎక్కక్కర్లేదు. ఒకే దారి ఉన్న ఇంటిని 7:30కి వేలిముద్ర పెట్టాల్సిన మనిషి తీసుకోకూడదు.

డబ్బు విషయానికొస్తే, ఇక్కడ మామూలుగా రెండు నెలల డిపాజిట్, ఒక నెల అడ్వాన్స్ అడుగుతారు. నా గది అద్దె నెలకి 6,500 బాట్లు, అంటే తాళం చేతికి వచ్చేసరికి 19,500 కట్టాలి, అదీ మొదటి జీతం రాకముందే. దీనికి సిద్ధపడి రావాలి, లేకపోతే టీచర్లని స్కూళ్లలో పెట్టే ఏజెన్సీ చూపించిన గదిలో ఇరుక్కోవాల్సి వస్తుంది.

కాండోకీ అపార్ట్‌మెంట్‌కీ తేడా తెలుసుకోవాలి. కాండోలో ఒక్కో ఫ్లాటుకీ ఒక్కో ఓనరు, కరెంటు బిల్లు చాలాచోట్ల నేరుగా విద్యుత్ సంస్థ నుంచి ప్రభుత్వ రేటుకే వస్తుంది, యూనిట్‌కి నాలుగు బాట్లకి అటూఇటూ. అపార్ట్‌మెంట్ అంటే బిల్డింగ్ అంతా ఒకరిదే. కరెంటు వాళ్లే కొలిచి వాళ్ల రేటు వేస్తారు, ఏడు ఎనిమిది బాట్లు మామూలు. నాకు చెప్పింది 8. ఏసీ లేకుండా ఉండలేని ఊరిలో ఇది చిన్న విషయం కాదు. అందుకే పడమటి గోడ ఉన్న గదిని వద్దని, అదే అంతస్తులో ఉత్తరం వైపు గది అడిగాను. మధ్యాహ్నం మనం స్కూల్లో ఉంటాం కదా, ఎండ పడితే ఏంలే అనిపిస్తుంది. కానీ ఆ గోడ రాత్రి పదింటికి చెయ్యి పెడితే ఇంకా వెచ్చగానే ఉంటుంది, ఏసీ దాంతోనే పోట్లాడుతూ ఉంటుంది. సంతకం పెట్టే ముందు మీటర్ రీడింగ్‌కీ, గోడల మీద మరకలకీ, బాత్రూమ్ టైల్‌కి ఉన్న పగులుకీ ఫోటోలు తీసి ఓనరమ్మకి అప్పుడే పంపించాను. ఆవిడేమీ అనుకోలేదు, పైగా మెచ్చుకుంది.

ఇంటి ఓనర్‌ని తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: టీఎం 30 ఫారం వేస్తారా? విదేశీయులు ఎవరైనా ఇంట్లో దిగితే 24 గంటల్లోపు ఇమ్మిగ్రేషన్‌కి తెలియజేయాల్సిన బాధ్యత ఇంటివాళ్లది. 1979 ఇమ్మిగ్రేషన్ చట్టంలోనే ఉంది. ఆ రసీదు లేకపోతే వీసా పొడిగించుకునేటప్పుడు ఇబ్బంది పడేది మాత్రం మనం. నేను చూసిన ఒక కాండో ఓనరు అద్దె తగ్గిస్తాను గానీ టీఎం 30 వెయ్యను అన్నాడు. గది ఎంత బాగున్నా టీచర్ ఉద్యోగం చేసుకోవాలనుకునేవాళ్లు అక్కడ ఆగకూడదు. ఆఫీసు కౌంటర్ దగ్గర ఆ ఒక్క కాగితం కోసం కన్నీళ్లు పెట్టుకున్న తోటి టీచర్లని చూశాను. మా ఓనరమ్మ నేను దిగిన రోజే ఆన్‌లైన్‌లో వేసి ప్రింటు చేతిలో పెట్టింది.

మే నెలాఖరులో ఒక సాయంత్రం గట్టి వాన పడింది. స్కూల్లోనే ఆగిపోయి, తగ్గాక రైల్లో వచ్చి చూస్తే మా సోయి మొగలో పాదాలు తడిసేంత నీళ్లున్నాయి, అపార్ట్‌మెంట్ దగ్గర అదీ లేదు. గోడ మీద చార ఉన్న ఆ సోయి మీదుగా మర్నాడు వెళ్తుంటే జనం దుకాణాల్లోంచి బకెట్లతో నీళ్లు తోడిపోస్తున్నారు. సీనియర్ టీచర్‌కి ఫోటో పంపిస్తే, "చూశావా, చార ఉన్నంతవరకే" అని రాసింది.

ఇదంతా చదివి అందరూ శ్రీనకరిన్ రోడ్డుకే రావాలని కాదు. నాతో పాటు వచ్చిన స్నేహితురాలికి సిటీ మధ్యలో మాల్‌లో ఉన్న ఒక లాంగ్వేజ్ సెంటర్‌లో ఉద్యోగం వచ్చింది. పిల్లలు స్కూలు నుంచి వచ్చాకే తన క్లాసులు, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా, శని ఆదివారాలు పొద్దుణ్ణుంచే. తనకి ఉదయం ట్రాఫిక్‌తో పనే లేదు. రాత్రి మాల్ మూసే వేళకి సురక్షితంగా ఇల్లు చేరాలి, వారం మధ్యలో సెలవు రోజున నలుగురు కనపడే చోట ఉండాలి. తనకి ఆన్ నుటే సరైనది. స్టేషన్ మెట్లు దిగగానే వెలుతురున్న రోడ్డు మీద ఐదు నిమిషాల నడక, మధ్యలో సోయే లేదు. నా గది చూసి తను "ఇక్కడ నేను ఉండలేను, ఎనిమిదింటికే అందరూ పడుకుంటారు" అంది. నాకు కావాల్సింది అదే మరి.

మొన్న ఏప్రిల్‌లో తను ఆన్ నుట్‌లోనే ఇంకాస్త పెద్ద గదికి మారింది. నేను శ్రీ ఉడోమ్‌లో అదే గదికి రెండో ఏడాది సంతకం పెట్టాను. అద్దె పెంచలేదు. ఏడాది పాటు ప్రతి నెలా ఐదో తారీకు లోపు కట్టిన రసీదులన్నీ ముందు పెట్టి కరెంటు గురించి అడిగితే, ఓనరమ్మ కాసేపు ఆలోచించి యూనిట్ 8 బాట్ల నుంచి 7కి తగ్గించింది.